తిథి తెలియని వాళ్ళ దీపం

నిన్న పొద్దున గసగసాలు పాలల్లో ఉడకబెడుతుంటే అత్తయ్య వచ్చి వంటింట్లో స్టూలు మీద కూర్చున్నట్టయింది. సన్నటి సెగ మీద పెట్టి అడుగంటకుండా కలుపుతుంటే మొదట పచ్చివాసన వస్తుంది, తర్వాత తడిమట్టి వాసన లాంటిది, తేనె పోశాక ఇంకేదో. మా వంటింటి కిటికీలోంచి కనిపించేవి పక్క అపార్ట్‌మెంట్ వాళ్ళ ఏసీ డబ్బాలు. నాకు మాత్రం లండన్‌లో గోల్డర్స్ గ్రీన్ ఇల్లు కనిపించింది. బల్ల అంచుకి బిగించిన ఇనప మర, కిర్రుకిర్రుమంటూ దాని పిడి తిప్పుతున్న అత్తయ్య.

మా ఆయన తొంగిచూసి "అమావాస్య వచ్చేసిందా?" అన్నాడు.

మా ఇంట్లో ఈ వాసనకీ మహాలయ అమావాస్యకీ ఉన్న చుట్టరికం చెప్పాలంటే చాలా వెనక్కి వెళ్ళాలి.

* * *

మా మేనమామ గుంటూరులో డాక్టరీ చదివి 1950ల్లో పైచదువుకని లండన్ వెళ్ళాడు. ఆ రోజుల్లో అక్కడ మనవాళ్ళకి గది దొరకడం పెద్ద యాతన. ఖాళీ ఉందని బోర్డు ఉంటుంది, తలుపు తట్టగానే మొహం చూసి "అయ్యో, ఇప్పుడే ఎవరో తీసేసుకున్నారు" అంటారు. అలా వారం తిరిగి, ఆఖరికి ఫించ్లీ రోడ్ దగ్గర వియన్నా నుంచి వచ్చిన ఒక ముసలావిడ ఇంట్లో మేడమీద గది సంపాదించాడు. ఆ చుట్టుపక్కలంతా హిట్లర్ బారినుంచి తప్పించుకొచ్చిన యూదులే. ఆ స్టాపు రాగానే బస్సు కండక్టర్లు వేళాకోళానికి "ఫించ్లీస్ట్రాసె" అని జర్మన్ ఫక్కీలో అరిచేవాళ్ళట.

ఆ ఇంట్లోనే కింద గదిలో ఒకమ్మాయి కుట్టుమిషను పెట్టుకుని బట్టలు సరిచేసేది. మామయ్య సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ఓవర్‌కోటుకి చేతులు జానెడు పొడుగు. తగ్గించమని ఇచ్చాడు. తగ్గించి ఇచ్చింది. వేసుకుని చూసుకుంటే లోపలి గుడ్డలో, చంక కింద, అడగని జేబు ఒకటి కొత్తగా ఉంది. ఇదెందుకని అడిగితే, "మనిషన్నాక దాచుకోడానికి ఒక చోటుండాలి కదా" అందట. దానికి డబ్బులు తీసుకోలేదు. మామయ్య ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా "డబ్బులు తీసుకోలేదు" అన్న దగ్గర ఒక్క క్షణం ఆగేవాడు.

పెళ్ళి సంగతి తెనాలికి ఉత్తరంలో వచ్చింది. అమ్మమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదని అమ్మ చెప్పేది. మూడో రోజు లేచి, "ఇంతకీ యూదులంటే ఎవరే?" అని అడిగింది. మా వీధిలో చర్చికి వెళ్ళే టీచరమ్మ ఒకావిడ ఉండేది. "మా ప్రభువు పుట్టింది వాళ్ళింట్లోనేనండీ" అంది. దేవుడు పుట్టిన ఇంటిపిల్ల అని తేలాక అమ్మమ్మ లేచి మజ్జిగన్నం తింది.

* * *

నేను అత్తయ్యని మొదటిసారి చూసింది ఏడేళ్ళప్పుడు. ఇద్దరూ తెనాలి వచ్చారు. స్టేషన్లో రైలు దిగిన మనిషి సన్నగా, పొట్టిగా, చేతిసంచీ గుండెలకి అదుముకుని ఉంది. సినిమాల్లో దొరసానిలా ఉంటుందేమో అనుకున్న మా పిల్లమూకకి చాలా నిరాశ. రెండు రోజుల్లో చీర కట్టడం నేర్చుకుంది. మా పిన్నులు మొగుళ్ళని పిలుస్తుంటే విని అది మామయ్య ముద్దుపేరేమో అనుకుని, ఊళ్ళోవాళ్ళ ముందు కూడా "మై ఏవండీ" అనేది. ఆ పిలుపు ఆఖరిదాకా మారలేదు. లండన్‌లో పోస్ట్‌మాన్‌కి కూడా "ఏవండీ ఇంట్లో లేరు" అనే చెప్పేది.

వాళ్ళు ఉండగానే తాతయ్య ఆబ్దికం వచ్చింది. పెరట్లో విస్తరి పెట్టి అందరం కాకి కోసం చూస్తున్నాం. అత్తయ్య గడప మీద కూర్చుని ఇదంతా ఏమిటని మామయ్యని అడుగుతోంది. ప్రతి ఏడూ పోయిన తిథినాడు చేస్తామని అతను చెప్పాడు. అప్పుడు అమ్మమ్మ, ఏ కోడలినైనా అడిగినట్టే, "మీ అమ్మ తిథి ఎప్పుడమ్మా?" అని అడిగింది.

మామయ్య అది ఇంగ్లీషులో చెప్పడానికి చాలాసేపు పట్టింది. అత్తయ్య జవాబు చిన్నది. ఆగస్టు అని తెలుసు, రోజు తెలియదు. నాన్న? తెలియదు. తమ్ముడు? సెప్టెంబరు, అంతే.

అమ్మమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "తెలియకపోతే ఏం? మహాలయ అమావాస్య లేదూ? తిథి తెలియనివాళ్ళకీ, ఎక్కడ పోయారో తెలియనివాళ్ళకీ, దహనానికి నోచుకోనివాళ్ళకీ, అందరికీ అదే రోజు" అంది. మామయ్య అంతా చెప్పాడు, ఒక్క దహనం అన్న ముక్క తప్ప. ఆ మాట దగ్గర తడబడి దాటేశాడు. ఎందుకు దాటేశాడో నాకు తెలియడానికి పదిహేనేళ్ళకి పైగా పట్టింది.

"కానీ వాళ్ళకి చెయ్యడానికి మగపిల్లలెవరూ మిగల్లేదమ్మా" అన్నాడు మామయ్య.

"పిండం పెట్టడానికి కొడుకు కావాలేమో. దీపం పెట్టడానికి కూతురు చాలదూ?" అంది అమ్మమ్మ. కాకి వచ్చేసింది, మేమంతా అటు పరిగెత్తాం.

* * *

నా ఇరవై మూడో ఏట చదువుకని లండన్ వెళ్ళి మూడేళ్ళు వాళ్ళింట్లోనే ఉన్నాను. అత్తయ్య ఏదీ కూర్చోబెట్టి చెప్పే మనిషి కాదు. ఎవరైనా అడిగితే "నేను పుట్టింది విండర్‌మియర్‌లో, పదిహేనేళ్ళ వయసులో" అని నవ్వేసేది. అసలు సంగతులన్నీ చేతులు పనిలో ఉన్నప్పుడు ముక్కలు ముక్కలుగా వచ్చేవి. వాటిని వరసలో పెట్టుకోవడం నా పని.

ఊరు పోలండ్‌లో వూచ్. రాసింది చూసి లోడ్జ్ అంటే ఊరుకునేది కాదు. ఆ మాటకి వాళ్ళ భాషలో పడవ అని అర్థం. బట్టల మిల్లుల ఊరు. యుద్ధానికి ముందు అక్కడ ప్రతి ముగ్గురిలో ఒకరు యూదులు. జర్మన్లు వచ్చి ఊరి పేరే మార్చేశారు. 1940 వసంతంలో పేదపేటల చుట్టూ కంచె కట్టి దాదాపు 1,60,000 మంది యూదుల్ని లోపల మూసేశారు, దాన్నే గెట్టో అనేవాళ్ళు. పెద్దరోడ్డు మీద ట్రాములు తిరగాలి కాబట్టి రోడ్డుని బయట వదిలేసి, ఇటు గెట్టోకీ అటు గెట్టోకీ మధ్య కొయ్య వంతెన కట్టారు. అత్తయ్య రోజూ ఆ మెట్లు ఎక్కి దిగేది. "కింద ట్రాములో జనం కూర్చుని వెళ్తుండేవాళ్ళు. నేను పైనించి చూసేదాన్ని. ఎవరైనా తలెత్తి చూస్తారేమోనని లెక్క పెట్టుకునేదాన్ని" అంది ఒకసారి, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ. ఎంతమంది చూశారని నేను అడగలేదు.

గెట్టోలో యూదుల పెద్దగా జర్మన్లు పెట్టిన రుమ్‌కోవ్‌స్కీ అనే ఆయన నమ్మకం ఏమిటంటే, జర్మన్లకి పనికొచ్చినంత కాలం బతకనిస్తారని. అందుకని గెట్టో అంతా కార్ఖానాలు. పన్నెండేళ్ళ అత్తయ్యని సైనికుల యూనిఫాంలు కుట్టే చోట పెట్టారు. ఆ వయసు పిల్లకి ఇచ్చే పని జేబులు. పొద్దస్తమానం జేబులే. నాన్న ఆకలితో ఒళ్ళు ఉబ్బి మంచం పట్టి పోయాడు. ఏ నెలలోనో కూడా చెప్పలేకపోయేది. లోపల రోజులన్నీ ఒకేలా ఉండేవంది.

తమ్ముడి సంగతి ఒక్కసారే చెప్పింది. ఆ రోజు మరలో గసగసాలు ఆడిస్తోంది. 1942 సెప్టెంబరులో పదేళ్ళ లోపు పిల్లల్నీ, అరవై ఐదు దాటిన ముసలివాళ్ళనీ, రోగుల్నీ అప్పగించమన్నారు. మిగతావాళ్ళు బతకాలంటే ఇవ్వక తప్పదని ఆ పెద్దే మైదానంలో నిలబడి తల్లిదండ్రుల్ని అడిగాడు. వారం రోజులు ఎవరూ ఇల్లు కదలకూడదని కర్ఫ్యూ. ఇల్లిల్లూ వెతికి 15,000 మందికి పైగా తీసుకెళ్ళారు. చేర్చింది హెల్మ్నో అనే చోటికి, అక్కడ లారీల్లో మూసి పొగతో చంపేవాళ్ళు. తమ్ముడికి ఎనిమిదేళ్ళు. అమ్మ వాడి బూట్లలో కాగితాలు కూరిందట, పొడుగ్గా కనిపిస్తాడని.

అత్తయ్య పిడి తిప్పుతూనే ఉంది. మర ఖాళీ అయిపోయి ఇనుము ఇనుముకి రాసుకుంటున్న చప్పుడు వస్తోంది. నేను లేచి దాన్లో ఇంకో గరిటెడు వేశాను. ఆ క్షణంలో ఇంకేం చెయ్యాలో తోచలేదు.

* * *

తర్వాత ఆష్విట్జ్, జర్మన్లు మనుషుల్ని చంపి కాల్చేసిన శిబిరం. 1944 ఆగస్టులో గెట్టో ఖాళీ చేసి 60,000 మందికి పైగా అక్కడికి తోలారు. రైలు దిగుతుంటే చారల బట్టల మనిషెవరో, ఖైదీయే, వాళ్ళ యూదుల భాష యిద్దిష్‌లో "పదిహేడని చెప్పు" అని గొణిగాడట. ఈవిడకి పద్నాలుగు. పదిహేడంది. అమ్మ అటు, తను ఇటు. దాని గురించి అంతకుమించి ఎప్పుడూ చెప్పలేదు, నేనూ తవ్వలేదు.

ఇక్కడ నాకు ఒక కోపం ఉంది, చెప్పుకోవాలి. ఇంటికొచ్చిన వాళ్ళు కొందరు, చదువుకున్నవాళ్ళే, టీ తాగుతూ అత్తయ్య చేతివంక చూసేవాళ్ళు. నంబరు ఉండాలి కదా అని. ఆవిడ చేతి మీద నంబరు లేదు. ఆ ఆగస్టులో వూచ్ నుంచి వచ్చిన చాలామందికి వెయ్యలేదు. వేరే ఫ్యాక్టరీలకి పంపించేవాళ్ళకి దేనికని. నంబరు లేదనగానే ఆ కళ్ళల్లో చిన్న అనుమానమో, నిరాశో. అత్తయ్య చొక్కా చెయ్యి ఇంకా పైకి లాగి, "సారీ, రసీదు ఇవ్వలేదు" అనేది. ఆ వచ్చినవాళ్ళకి రెండో బిస్కట్టు పెట్టేది కాదు.

జర్మనీలో ఒక తూటాల ఫ్యాక్టరీలో చలికాలమంతా పనిచేసింది. వసంతం వచ్చేసరికి జర్మన్లు ఓడిపోతూ ఖైదీల్ని వెనక్కి తోలుకుపోతూ, వీళ్ళని చెక్ దేశంలో తెరెసియెన్‌స్టాట్ అనే శిబిరంలో దించారు. అక్కడ టైఫస్. మే నెలలో రష్యన్ సైన్యం వచ్చింది. అత్తయ్యకి సైనికులు గుర్తులేరు, ఒంటి మీద జ్వరమే గుర్తు.

ఇంగ్లండ్‌లో చెరువు ఒడ్డు ఊరు విండర్‌మియర్ గురించి మాత్రం ఎన్నిసార్లైనా చెప్పేది. తల్లీతండ్రీ లేని పదహారేళ్ళ లోపు పిల్లలు వెయ్యిమందిని తీసుకోడానికి బ్రిటన్ ఒప్పుకుంది. వెతికితే బతికి దొరికింది 732 మంది. మొదటి మూడొందల మందిని 1945 ఆగస్టులో ప్రాగ్ నుంచి బాంబర్ విమానాల్లో తెచ్చారు. సీట్లు లేవు, నేలమీదే కూర్చున్నారు. ఆడపిల్లలు చాలా తక్కువ. చెరువు ఒడ్డున, అంతకుముందు విమానాల ఫ్యాక్టరీ కార్మికులకి కట్టిన ఇళ్ళు. ఎవరి మంచం వాళ్ళకి, మంచం మీద తెల్ల దుప్పటి. కట్టుకొచ్చిన బట్టలు తీసేసుకున్నారు, కొత్తవి ఇంకా రాలేదు. మొదటి రోజుల్లో చాలామంది లోపలి బట్టల్తోనే తిరిగారట. "ఇంగ్లండ్‌కి అలా పరిచయమయ్యాం" అని పడీపడీ నవ్వేది.

భోజనాల బల్ల మీద తెల్ల బ్రెడ్డు గుట్టలుగా పెట్టారు. రెండు నిమిషాల్లో గుట్టలు మాయం, ముక్కలన్నీ పరుపుల కిందికి. పెట్టినవాళ్ళు తిట్టలేదు. ఇంకా తెచ్చి పెట్టారు. మర్నాడూ అంతే. దాచడం ఎప్పుడు మానేశారని అడిగితే, "ఎవరు మానేశారు?" అని తన గౌను మడత తిప్పి చూపించింది. లోపల జేబు, జేబులో కాగితంలో చుట్టిన రస్కు.

ఆ 732 మందికీ బాయ్స్ అని పేరు పడిపోయింది. ఏటా మే నెలలో అంతా కలుసుకుని భోంచేసేవాళ్ళు. నన్నూ ఒకసారి తీసుకెళ్ళింది. ముసలితనం దగ్గరపడుతున్న మనుషులు, స్కూలు పిల్లల్లా ఒకళ్ళ ప్లేట్లో ఒకళ్ళు చెయ్యి పెట్టి తింటున్నారు. "నేను కూడా బాయ్‌నే" అని పరిచయం చేసుకునేది అత్తయ్య.

* * *

అమ్మమ్మ మాట అత్తయ్య మర్చిపోలేదు. తెనాలి నుంచి తిరిగెళ్ళిన ఏడాది నుంచే మహాలయ అమావాస్యకి దీపం మొదలుపెట్టింది. దీపమంటే ప్రమిద కాదు. యూదులు చనిపోయినవాళ్ళ కోసం చిన్న గాజుగ్లాసులో కొవ్వొత్తి వెలిగిస్తారు, ఇరవై నాలుగు గంటలు వెలుగుతుంది. దాంతోపాటు వాళ్ళమ్మ చేసే గసగసాల రొట్టె. గసాలు పాలల్లో ఉడికించి, మరలో రెండుసార్లు ఆడించి, తేనె, కిస్‌మిస్, నారింజ తొక్క కలిపి, మెత్తటి పిండి మీద పరిచి చాపలా చుట్టి కాలుస్తారు. వాళ్ళ గసాలు నల్లటి నీలం. మనవి తెలుపు. నేను తెనాలి నుంచి పట్టుకెళ్ళినవి వేసి చేసినప్పుడు, "కళ్ళు మూసుకుని తింటే మా అమ్మదే" అంది. అలా అని కళ్ళు తెరిచే తింది.

మామయ్యకి ఈ లెక్కలంటే సరదా. ఒక చేత్తో నేమాని వారి పంచాంగం, ఇంకో చేత్తో యూదుల కేలండరు పెట్టుకుని చూసేవాడు. వాళ్ళ నెలలూ చంద్రుడి లెక్కే, వాళ్ళకీ అధికమాసం ఉంది. అలా చూస్తుంటే తేలింది: వాళ్ళ కొత్త సంవత్సరం చాలా ఏళ్ళు సరిగ్గా మన మహాలయ అమావాస్య పక్కనే వచ్చి పడుతుంది. అధికమాసాలు కుదరని ఏడు మాత్రం నెల తేడా. ఆ పండగ ముందు రోజుల్లో యూదులు పెద్దల సమాధుల దగ్గరికి వెళ్ళొస్తారట. "నాకు వెళ్ళడానికి సమాధి లేదు. మీ అమ్మకి ఇదంతా ఎలా తెలుసు?" అని అత్తయ్య మామయ్యని అడిగింది. మా అమ్మమ్మకి యూదులెవరో కూడా సరిగ్గా తెలియదు.

నిజానికి అత్తయ్యకి గుడి మీద గురి లేదు. 1990ల్లో మళ్ళీ మా వైపు వచ్చినప్పుడు, చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు యూదులున్నారని, తాము ఎఫ్రాయిం గోత్రం వాళ్ళమని చెప్పుకుంటారని, ప్రార్థనా మందిరం కూడా కట్టుకున్నారని విని మామయ్య బలవంతాన తీసుకెళ్ళాడు. వెనక వరసలో కూర్చుంది. తెలుగూ హీబ్రూ కలిపి ప్రార్థన జరుగుతోంది. బయటికొచ్చాక నా చెవిలో అడిగింది: "వీళ్ళు యూదులమని బయటికి చెప్పుకుంటున్నారే, ఊళ్ళో వీళ్ళనెవరూ ఏమీ అనరా?" మా ఊళ్ళలో మనుషుల్ని ఏమన్నా అంటే దేనికి అంటారో, ఆ మనుషులు వాడలో ఎందుకుంటున్నారో, కారులో గుంటూరు వచ్చేదాకా చెప్పాల్సొచ్చింది. నాకు మొహం చెల్లలేదు. విని, "అయితే ఇక్కడా వంతెన ఉందన్నమాట" అంది.

* * *

వూచ్‌కి ఆవిడతో వెళ్ళాలని చాలా అనుకున్నాను. ఒప్పుకోలేదు. ఆవిడ పోయాక నేనూ బావా వెళ్ళాం. బావంటే వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు, అమ్మమ్మ నాకు కట్టబెట్టాలని చూసినవాడు. జనాన్ని రైలెక్కించిన రాదెగాస్ట్ స్టేషన్ ఇప్పుడు స్మారకం. పొడుగాటి సొరంగంలా కట్టి, ఎవరెవర్ని తీసుకెళ్ళారో ఆ జాబితాలు గోడలకి పెట్టారు. టైపు చేసిన పేర్లు, పుట్టిన తేదీలు. బావ అద్దాలు సర్దుకుని వేలు పెట్టి వెతుకుతున్నాడు. నాకు తెనాలి స్టేషన్లో రిజర్వేషన్ చార్టు చూసేవాళ్ళు గుర్తొచ్చారు. ఒక చోట వేలు ఆగింది. నేను దగ్గరికి వెళ్ళలేదు.

కొయ్య వంతెన ఇప్పుడు లేదు. ఆ రోడ్డులో ట్రాములు ఇంకా తిరుగుతున్నాయి. మేమిద్దరం ఎక్కాం. వంతెన ఉండేచోటు వచ్చినప్పుడు బావ కిటికీలోంచి తలెత్తి పైకి చూశాడు. పైన తీగలూ, ఆకాశమూ.

* * *

నిన్న సాయంత్రం బావ ఫోన్ చేశాడు. ఏటా ఇదే పని. మామయ్య ఉన్నంత కాలం పంచాంగం ఆయన చూసేవాడు, ఇప్పుడు నా డ్యూటీ.

"ఏ రోజు వెలిగించాలి?"

"అమావాస్య రేపు పొద్దున వచ్చి ఎల్లుండి దాకా ఉంది" అన్నాను.

"మీ పొద్దునా, మా పొద్దునా? పైగా మాకు రోజు మొదలయ్యేది సాయంత్రం నుంచి కదా. కిందటేడు నువ్వు చెప్పింది వినేసరికి నాకు ఒక రోజు తేడా వచ్చింది."

"కిందటేడు తప్పు నీది. మా టైముని మీ టైముకి మార్చుకోలేదు."

"రొట్టె చేశావా?"

"గసాలు ఉడికించాను. మర లేదుగా, మిక్సీలో వేస్తున్నాను."

"మిక్సీలో వేస్తే అమ్మ తిట్టేది."

"తిట్టేదే. ఇంతకీ క్యాండిల్ తెచ్చుకున్నావా?"

"నాలుగు తెచ్చాను. అమ్మకి వేరే రోజుంది కదా, ఇవి వాళ్ళ ముగ్గురికీ."

"నాలుగోది?"

"మీ అమ్మమ్మకి."

అమ్మమ్మ తిథి మాకు తెలుసు, కార్తీక శుద్ధ ద్వాదశి, నేను చెప్పబోయి ఊరుకున్నాను. "రేపు పొద్దు గూకేటప్పుడు వెలిగించు" అన్నాను. "మర్నాడు పొద్దు గూకేదాకా ఉంటుంది. ఎవరి లెక్కలో చూసినా సరిపోతుంది."